వెంకటరమణప్ప పేరిట పధ్నాలుగు

డ్రిప్పు పైపులకు పడిన చిల్లులను వెంకటరమణప్ప ఎప్పుడూ తానే సరిచేసుకునేవాడు. డెబ్బై నాలుగేళ్ల వయసులోనూ ఆ పని కూలివాళ్లకు అప్పగించలేదు. పైపు ఒక కొసను మడిచిపట్టి రెండో కొస నుంచి ఊదడం, గాలి ఎక్కడ బుస్సుమంటుందో చెవితో పసిగట్టడం, ఆ చోట కత్తితో కోసి జాయినరు బిగించడం: ఇవన్నీ ఆయన ఒక శాస్త్రం చదివినవాని నిష్ఠతో చేసేవాడు. ఆ మంగళవారం ఉదయం మూడో చిల్లు దగ్గర ఉండగా వాకిట్లోకి బయ్యమ్మ వచ్చి నిలబడింది. వీధిలో ఆమె గొర్రెలు ముప్పై దాకా ఉన్నాయి. వాటిలో ఒక పొట్టేలు అప్పుడే ఆయన గడ్డివాములోకి మూతి దూర్చింది.

"నీ పొట్టేలుకు మా గడ్డే కావాలమ్మే?" అన్నాడు వెంకటరమణప్ప తల ఎత్తకుండానే.

"దానికీ తెలుసప్పా, ఎవురింట్లో అడిగితే కాదనరో." బయ్యమ్మ చేతికర్రను గోడకు ఆనించింది. "నిన్న కుప్పం పోయినా. ఫోను కంపెనీ మార్సుకుందామని. ఆడుండే పాప మిషన్లో సూసి, ఈ నంబరు నీది కాదు పొమ్మనింది. పన్నెండేండ్లుగా నా సెవి కాడ పెట్టుకోని మాట్లాడతాండాను, నాది కాదంట!"

"మల్ల ఎవురిదంట?"

"నీదంట."

వెంకటరమణప్ప నవ్వాడు. ఆ నవ్వులో సంతృప్తి ఉంది. మదనపల్లె టమోటా మార్కెట్టు బయట, కంపెనీవాళ్లు గొడుగుల కింద కూర్చుని సిమ్ములు ఊరికే ఇచ్చిన రోజుల్లో, ఆయన తన పేరిట పధ్నాలుగు తీసుకున్నాడు. ఒకటి తాను ఉంచుకుని తక్కినవి ఊళ్లో ఇంటింటికీ పంచాడు. పాస్‌పోర్టు ఫోటోలు, ఓటరు కార్డు జెరాక్సులు చొక్కా జేబులో సిద్ధంగా పెట్టుకుని తిరిగే మనిషి ఆ ఊళ్లో ఆయన ఒక్కడే. పెద్దాయన పేరు మీద ఉంటే గట్టిగా ఉంటుందని పుచ్చుకున్నవాళ్లూ అనుకున్నారు. రామకుప్పానికి ఆవల, అడవి అంచున ఉన్న ఊరది. అక్కడ ఒక మనిషి పేరు సొంతవాళ్లకే కాక ఇరుగుపొరుగుకూ పనికిరావడం కొత్త కాదు.

"నాదే. నేనే గదా ఇచ్చింది. ఏం, నేనిచ్చిన కంపెనీకి ఏమొచ్చింది?"

"గుట్ట ఇవతల బాగనే పలుకుతాది. అవతల పలకదు. నేను మేపేది అవతల." బయ్యమ్మ గొంతు తగ్గించింది. "అడివి వాచరు వినోద్ ఉండాడు గదా, ఏనుగులు యాడ దిగతాండాయో సూసి మాకు ఫోను సేస్తాడు. పోయిన శుక్రవారం మూడు తూర్లు సేసినాడంట. నాకు ఒక్కటీ రాలేదు. తలెత్తి సూస్తే ఒంటేనుగు ఈ వాకిలంత దూరంలో ఉండాది. రెండు గొర్రెలు బెదిరి బండల్లో పడి సచ్చినాయి. మల్ల తూరి నేను పడతానేమో."

చివరి మాట ఆమె నవ్వుతూనే అన్నది. వెంకటరమణప్ప చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది.

"వినోద్ ఫోన్లో ఉండే కంపెనీ ఆడ గంట కొట్టినట్ల పలుకుతాది. నంబరు మార్సకుండా కంపెనీ మార్సుకోవచ్చంట. అది మన ఇష్టమంట, రూలే ఉండాదంట. పుంగనూరు సంత యాపారస్తులకంతా ఈ నంబరే తెలుసు, అది పోతే నా గొర్రెల్ను అడిగేవోడు ల్యాడు. నువ్వొక తూరి కుప్పమొచ్చి, ఈ నంబరు ఈమెకు ఇచ్చేస్తాండానని సెప్తే, నా పేరు మీదికి రాస్తారంట."

ఆయనకు ఆ మాటల్లో ఏనుగు కంటే ముందు వినిపించింది వేరొకటి. ఇచ్చినది సరిపోలేదని ఒక మనిషి తన వాకిట్లో నిలబడి చెబుతున్నది.

"కంపెనీలన్నీ ఒకటే బయ్యమ్మా. ఈ పొద్దు ఇది, రేపు అది. మార్సుకుంటా పోతే అంతు యాడుండాది? సూస్తాంలే."

"సూస్తాంలే" అనే మాటకు ఆ ఊళ్లో ఉన్న అర్థం బయ్యమ్మకు తెలుసు. ఆమె కర్ర తీసుకుని, "పోయొస్తానప్పా" అని, గడ్డివాము దగ్గర పొట్టేలు చెవి పట్టి లాక్కుని వెళ్లిపోయింది. అది నోట్లోని గడ్డిని మాత్రం వదలలేదు.

మధ్యాహ్నం సంగటి తిని ఆయన మంచం మీద నడుము వాల్చాడు. భార్య జయలక్ష్మమ్మ గడప మీద కూర్చుని ఆయన ఫోను చూస్తున్నది. చిక్కుడుకాయలు ఒలవడం అయిపోయినా ఒళ్లో చేట అట్లాగే ఉంది.

"ఏమయ్యా, ఈ మెసేజి ఎన్ని తూర్లు వచ్చింది నీకు?"

"ఏది?"

"నీ పేరు మీద పధ్నాలుగు కనెక్షన్లు ఉండాయంట. ఒక మనిషికి తొమ్మిదికి మించి ఉండకూడదంట. ఉంచుకునేటివి ఇరవై ఎనిమిదో తేదీ లోపల కంపెనీ ఆఫీసుకు పోయి వేలిముద్రేసి రుజువు సేసుకోవాలంట. సేసుకోనివన్నీ నిలిపేస్తారంట."

"అదా. అది దొంగ మెసేజి. మూడు తూర్లు వచ్చింది, మూడు తూర్లూ తీసేసినాను. వేలిముద్ర అడిగితే ఎవురికీ ఇయ్యకూడదని బ్యాంకువాళ్లు సెప్పలేదా?"

"లింకు నొక్కమన్లేదే ఈడ? ఆఫీసుకే రమ్మంటాండారు. దొంగోడు ఆఫీసుకు పిలుస్తాడా?"

వెంకటరమణప్ప లేచి కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి తుడుచుకుని మరొకసారి చదివాడు. శుక్రవారమే ఇరవై ఎనిమిది. ఆ భాష నిస్సందేహంగా సర్కారుదే. అంత నీరసమైన వాక్యాలు రాయడం దొంగలకు చేతకాదు.

ఒక పెళ్లిపత్రిక వెనుక ఖాళీ వైపున ఆయన పేర్లు రాయడం మొదలుపెట్టాడు. పధ్నాలుగులో ఐదు పోవాలి. ఎవరిని తీసేయడం? తన పేరు మీద ఆధారపడినవాళ్లలో ఐదుగురి గొంతు తన చేతులతో నొక్కాలి. దొరస్వామికి కూతురి కాన్పు దగ్గరపడింది, తీయడానికి లేదు. దామోదర్ పాలవ్యాను నడుపుతాడు, ఫోను లేకపోతే పొద్దు గడవదు. ప్రతి పేరు దగ్గరా ఒక కారణం కనిపించింది. బయ్యమ్మ పేరు దగ్గరకు వచ్చేసరికి కలం తేలికగా కదిలింది. ఆమె ఎట్లాగూ ఈ కంపెనీ వద్దన్నది కదా. పైగా అడవిలో గొర్రెలు మేపేదానికి ఫోనుతో ఏం పని? ఆయన గీత గీశాడు.

"నీ పేరు కూడా యాడో ఉండాల దీంట్లో," అన్నాడు వెతుకుతూ.

"యెతకొద్దు. నా నంబరు నా ఆధారు మీదనే ఉండాది, ఆరేండ్లయింది." జయలక్ష్మమ్మ చేట తీసుకుని లేచింది. ఆయన భుజం మీదుగా కాగితం వైపు చూసి ఆగింది. "మొదట కొట్టేసింది అడివిలో ఒంటిగా తిరిగే ఆడమనిషినా? బలే న్యాయమయ్యా నీది."

"అదే వద్దనింది."

"నీ కంపెనీ వద్దనింది. నంబరు వద్దన్లేదు."

ఆయన మళ్లీ కలం అందుకున్నాడు. గీతను కొట్టేసినట్లుగా దాని మీద ఒక సున్నా చుట్టి, అది ఏ అర్థానికీ రాకుండా వదిలేశాడు.

బుధవారం పొద్దున్నే వెంకటరమణప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. చేదువార్త చెప్పవలసినప్పుడు మనిషి మర్యాదగా కనిపించాలని ఆయన నమ్మకం. దొరస్వామి రాగిచేలో కలుపు తీయిస్తున్నాడు. పెద్దాయన గట్టు మీద నడిచి రావడం చూసి తలపాగా విప్పి ఎదురొచ్చాడు.

వెంకటరమణప్ప విషయాన్ని క్రమంగా, ఆధారాలతో వివరించాడు. రూలు ఏమిటో చెప్పాడు. తొమ్మిదిలో దొరస్వామి నంబరు ఉంచడానికి తాను శాయశక్తులా ప్రయత్నిస్తున్నాననీ, అయినా మనసు గట్టి చేసుకోవాలనీ అన్నాడు. దొరస్వామి తల గోక్కున్నాడు.

"ఎత్తేయప్పా, ఏం ఫరవాల్యా."

"మల్ల నీకు ఫోను?"

దొరస్వామి ఫోను తీసి చూపించాడు. "రెండు సిమ్ములు ఉండాయి దీంట్లో. నాది వేరే. అందురూ దాంట్లోనే సేస్తారు. నువ్విచ్చిన దాంట్లో నువ్వొక్కనివే సేస్తావు. అది మోగితే ఎవురని సూసే పనే లేదు. కూసోనుంటే లేస్తాను, అంతే."

"ఇన్నేండ్లుగా దానికి రీచార్జి యాల సేస్తాండావు మల్ల?"

"తీసేస్తే నువ్వేమన్నా అనుకుంటావేమోనని." దొరస్వామికి సిగ్గు వేసినట్లయింది. "పెద్దోనివి. ఇచ్చినావు."

కలుపు తీసే ఆడవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. వెంకటరమణప్ప దగ్గి, రాగి బాగా దుబ్బు కట్టిందని మెచ్చుకుని వచ్చేశాడు.

దామోదర్ పాలక్యాన్లు దించుతూ దాదాపు అదే మాట చెప్పాడు. కాకపోతే ఆ సిమ్మును తన తల్లి ఫోనులో వేశాననీ, ఆమెకు చెవులు వినిపించవు కనుక అది మోగినా మోగకపోయినా ఒకటేననీ నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఇంకొక ఇంట్లో సిమ్మును దేవుని పటం వెనుక నుంచి తీసి చూపించారు. ముగ్గురు ఊరు విడిచి బెంగళూరు చేరారు. ఒకాయన కాలం చేసి నాలుగేళ్లయింది. సాయంత్రానికి పెళ్లిపత్రిక మీద పన్నెండు పేర్ల పక్కన పన్నెండు టిక్కులు పడ్డాయి. ఎవరి గొంతూ నొక్కవలసిన అవసరం రాలేదు. ఊరంతా ఆయనను నొప్పించకుండా ఉండడానికి ఇన్నేళ్లూ నెల నెలా ఆయన కంపెనీని పోషిస్తున్నది.

ఇంటికి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. జయలక్ష్మమ్మ మంచినీళ్ల చెంబు అందించింది. కాగితం మీద టిక్కు పడని పేర్లు రెండు మిగిలాయి. ఒకటి తనది. రెండోదాని చుట్టూ సున్నా ఉంది.

గురువారం ఎండ ఎక్కకముందే ఆయన గుట్ట ఎక్కాడు. మోకాళ్లు సహకరించక రెండుచోట్ల కూర్చున్నాడు. అవతలి వాలులో గొర్రెలు ఒక చిన్న జాగాలోనే ముద్దగా మేస్తున్నాయి. దిగువన వంక వెంబడి పచ్చగడ్డి బాగా ఉన్నా ఒక్కటీ అటు వెళ్లడం లేదు. వెళ్లబోయినదానిని బయ్యమ్మ నాలుకతో టక్కుమనిపించి వెనక్కి తిప్పుతున్నది.

"ఆడ అంత మేత ఉంటే ఈడ ఈ గరికలో యాల మేపుతాండావు?" అన్నాడు ఆయన రొప్పుతూ.

బయ్యమ్మ ఉలిక్కిపడి చూసి, పైట సర్దుకుంది. "నువ్వా అప్పా! ఈ ఎండలో నువ్వెందుకొచ్చినావు?" తర్వాత పక్కనున్న కానుగచెట్టు వైపు చూపించింది. కొమ్మకు ప్లాస్టిక్ కవరులో ఫోను వేలాడుతున్నది. "ఈడ మాత్రం సిగ్నలు ఒక గీత వస్తాది. అదీ గాలి ఇటు తోలితే. కిందికి పోతే మోగింది వినబడదు. దాని శబ్దం యాడిదాకా వినబడతాదో ఆడిదాకానే మా మేత."

వెంకటరమణప్ప తన ఫోను తీసి ఆమె నంబరు నొక్కాడు. ఆయనకు అది కంఠతా వచ్చు. ఆ పధ్నాలుగూ వచ్చు. ఫోనును చెవికి ఆనించుకుని కొమ్మ వైపే చూస్తూ నిలబడ్డాడు. కవరు కదలలేదు. మీరు పిలుస్తున్న కస్టమరు అందుబాటులో లేరని ఒక ఆడగొంతు, మొదట తెలుగులోను, తర్వాత ఇంగ్లీషులోను, ఏ తొందరా లేకుండా చెప్పింది.

బయ్యమ్మ దగ్గరికి వచ్చి చెవి ఒగ్గి విన్నది. "ఇదే అప్పా. నేనీడ ల్యానంట. వినోద్‌కీ ఇట్లనే సెప్పింటాది. నేను యాడికీ పోలే, ఈడనే ఉండాను."

ఆయన మళ్లీ నొక్కాడు. మూడోసారి కూడా నొక్కాడు. గొంతు మారలేదు. పోయిన శుక్రవారం కూడా సరిగ్గా మూడుసార్లేనని ఆయనకు తట్టింది. బండల వైపు చూపు తిప్పితే రెండు గద్దలు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి.

"రేపు పొద్దున బస్సుకు కుప్పం పోదాం. ఆధారు కార్డు మర్సిపోవద్దు," అన్నాడు.

"గొర్రెలు?"

"ఒక పొద్దు దొరస్వామి సూస్తాడు. నేను సెప్తాను." ఆగి, "రెండో సిమ్ముకు ఫోను సేసి సెప్తాను," అన్నాడు.

బయ్యమ్మకు ఆ మాట అర్థం కాలేదు. అయినా తల ఊపింది.

కుప్పం ఆఫీసులో చంద్రిక అనే అమ్మాయి కౌంటరు వెనుక కూర్చుని ఉంది. చివరి రోజు కావడంతో ముందు పదిమంది ఉన్నారు. గోడ మీద వినియోగదారుని హక్కులని పెద్ద బోర్డు పెట్టి దాని ముందు ఒక ఫ్లెక్సీ నిలబెట్టారు; వెంకటరమణప్ప పక్కకు వంగి ఆ బోర్డును మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. తన వంతు వచ్చాక పెళ్లిపత్రికను బల్ల మీద పరిచి, విషయాన్ని ఇంగ్లీషులో ప్రారంభించాడు. చంద్రిక సగం విని, "తెలుగులో సెప్పండి సార్, తొందరగా అయిపోతాది," అన్నది.

పన్నెండు నంబర్లు రద్దు. అందుకు ఆయన ఫోనుకు ఒక కోడు వచ్చింది, చెప్పాడు, అయిపోయింది. బయ్యమ్మకు ఇవ్వడానికి ఇంకొక కోడు. అదీ చెప్పాడు. బయ్యమ్మ వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టగానే పచ్చదీపం వెలిగింది. రోజూ గొర్రెల ఉన్ని జిడ్డు అంటి మెత్తబడిన చేతులవి. వేలి గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

"అయిపోయిందమ్మా. ఈ నంబరు నీది. కంపెనీ మార్సుకుంటారా? మా దాంట్లోనే ఉంటే ఆఫరు ఉండాది."

"నీ ఆఫరు గుట్ట అవతల మోగతాదా తల్లీ?"

చంద్రిక నవ్వింది. "అది నేను సెప్పలేనమ్మా. కోడు తెప్పించుకోని మీకిష్టమైన కంపెనీకి పోండి. మేము కాదనకూడదు." వెంకటరమణప్ప వైపు తిరిగింది. "ఇంక మీదొకటి సార్. ఉంచుకునేటప్పుడు కోడు సాలదు, వేలుపెట్టాల."

ఆయన బొటనవేలు పెట్టాడు. ఎర్రదీపం వచ్చింది. చొక్కాకు తుడుచుకుని పెట్టాడు. ఎర్రదీపమే వచ్చింది. చూపుడువేలు, ఎడమచేయి, పది వేళ్లూ అయ్యాయి. ఎన్నో ఏళ్లు కంచెకు రాతికూసాలు పాతి, టమోటా కట్టెలకు దారం గుంజి కట్టిన వేళ్ల కొనలు అద్దం లాగా నునుపుగా మెరుస్తున్నాయి.

"మిషను సెడిపోయిందేమో," అన్నాడు.

"ఇప్పుడే గదా సార్ ఆయమ్మది తీసుకునింది."

"నేను వెంకటరమణప్పను. ఆ పధ్నాలుగూ నేనే తీసుకున్నాను. ఇదిగో ఓటరు కార్డు. ఇదిగో ఫోటో." జేబులోంచి ఒక్కొక్కటి తీసి బల్ల మీద పెట్టాడు. వరుసలో ఉన్నవాళ్లు మర్యాదగా వేరేవైపు చూశారు.

చంద్రిక గొంతు మెత్తబడింది. "నాకు తెలుస్తాంది సార్. మిషనుకు తెలియల్యా. ఆధారు సెంటరులో వేలిముద్రలు మల్లా ఎక్కించుకోని రావాల. పది రోజులు పడతాది. ఈ పొద్దు సాయంత్రానికి నంబరు ఆగిపోతాది. వేరేవాళ్లకు ఇచ్చేదానికైతే కోడు సాలు. ఇంట్లోవాళ్లు ఎవురన్నా వచ్చినారా?"

ఎవరూ రాలేదు. జయలక్ష్మమ్మ ఊళ్లో ఉంది. మూడు గంటలలో ఆఫీసు మూసేస్తారు. ఊరికి పోయి రావడానికి బస్సు లేదు. మదనపల్లె మార్కెట్టులో ప్రతి మండీ గోడ మీద బొగ్గుతో రాసి ఉన్న నంబరు అది. ఎవరి పేరు మీదా ఆధారపడకుండా బతికిన మనిషి కౌంటరు అంచును పట్టుకుని నిలబడిపోయాడు.

బయ్యమ్మ ఆయన చేతిని అందుకుని పైటకొంగుతో వేళ్లు ఒక్కొక్కటే తుడిచింది, గొర్రెపిల్ల మూతి తుడిచినంత శ్రద్ధగా. ఇంకొకసారి యంత్రం మీద పెట్టి చూసింది. ఎర్రదీపమే వెలిగింది.

"ఇదీ నా పేరు మీద రాయి తల్లీ," అన్నది.

"మీకు ఈయన ఏమవుతాడమ్మా? ఫారంలో రాయాల."

బయ్యమ్మ ఆలోచించింది. "ఊరు ఒకటే. పెద్దాయన. ఏమని రాస్తారు దానికి?"

చంద్రిక కూడా ఆలోచించి, ఆ గడిలో ఏదో రాసింది. కోడు వచ్చింది. వెంకటరమణప్ప దానిని చదవబోతే అంకెలు కళ్లకు ఆనలేదు. ఫోనును చంద్రికకే అందించాడు. బయ్యమ్మ వేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది.

బస్టాండులో సిమెంటు బెంచీ మీద ఇద్దరూ రెండు కొసలలో కూర్చున్నారు. ఆయన రెండు టీలు తెప్పించాడు. బయ్యమ్మ చాలాసేపు ఊదుకుంటూ తాగింది. ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"అప్పా, ఆధారు సరిపోయినాక మల్లా నీ పేరు మీదికి మార్సుకుందువులే. అందాక నా దాంట్లో ఉంటాది."

"ఊఁ."

"రేపు నేను వినోద్ కంపెనీకి మారతాండాను గదా. నీది ఏం సేసేది? ఉంచేదా, మార్సేదా?"

వెంకటరమణప్ప గ్లాసు దించాడు. "నన్ను అడుగుతాండావా? నీ పేరు మీద ఉండాది గదా. నీ ఇష్టం."

"అట్లెట్ల?" బయ్యమ్మకు నిజంగానే ఆశ్చర్యమేసింది. "నంబరు నీదే గదప్పా. పేరొకటే నాది."

పన్నెండేళ్లు ఆమె వాడిన నంబరును మంగళవారం వాకిట్లో 'నాదే' అన్న తన మాట ఆయనకు గుర్తుకొచ్చింది. రామకుప్పం బస్సు వచ్చి ఆగింది. జనం లేచారు. ఆయన లేవలేదు. బయ్యమ్మ కూడా, జవాబు రానిదే లేవకూడదన్నట్లు, కర్ర పట్టుకుని అట్లాగే కూర్చున్నది.